ఫోన్, టీవీ, పిల్లలు: తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఒక స్కూల్లో ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్ టీచర్‌గా పనిచేస్తున్నాను. పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినవాళ్లు మార్కుల గురించి రెండు నిమిషాలు మాట్లాడితే, ఫోన్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడతారు. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గరా అదే గోల. ఏటా మనుషులు మారుతున్నారు, సందేహాలు మాత్రం అవే. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్‌ని కాదు. వైద్యం సంగతి వచ్చినచోట పిల్లల డాక్టర్లు చెప్పిందే చెప్పాను. మిగతావి తరగతిలో, మా ఇంట్లో చూసినవి. పిల్లల వయసును బట్టి విడదీశాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లొచ్చు.

## తాతల నుంచి మన దాకా

"మా కాలంలో ఇవేవీ లేకుండానే పెరిగాం" అంటారు మా నాన్న. నిజంగా ఏమీ లేవా?

ఉన్నాయి, వేరేవి. నిజాం కాలంలోనే హైదరాబాద్‌లో దక్కన్ రేడియో ఉండేది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. ఆ తర్వాతి పిల్లలకి రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు నడిపిన బాలానందం ఉంది. రేడియో పెట్టె ఇంట్లో ఉంటే పోస్టాఫీసులో లైసెన్స్ ఫీజు కట్టాల్సిందే. మా అమ్మ వాళ్లింట్లో ఆ పెట్టె పిల్లలకి అందనంత ఎత్తులో ఉండేదట, దాని చెవి తిప్పే హక్కు తాతయ్యదే. సినిమా పాటలు వింటే చదువు పాడవుతుందని ఆయన అప్పుడూ అనేవారట. ఇప్పుడు మీ నాన్నగారు అంటున్నదీ అదే మాట, పెట్టె ఒక్కటే మారింది.

మేమూ టీవీ చూసే పెరిగాం కదా, మాకేమైంది? ఫోన్ కూడా అంతేగా?

అందరికంటే ఎక్కువగా నాన్నలు అడిగే ప్రశ్న ఇది. కొంచెం నిదానంగా చెప్పాలి.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. వారాసిగూడలో మా గల్లీకి మొదటి టీవీ ఎనభైల్లో వచ్చింది, ఎదురింటి వాళ్లది. చెక్క షట్టర్ ఉన్న బ్లాక్ అండ్ వైట్ పెట్టె. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి టైముకి వాళ్ల హాల్లో ఇరవై మంది చాపల మీద కూర్చునేవాళ్లం. డాబా మీద ఒకడు యాంటెన్నా తిప్పుతుంటే, కిటికీ దగ్గర ఇంకొకడు "వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది" అని అరిచేవాడు. పాటలు అయిపోగానే ఆ ఇంటి పెద్దాయన షట్టర్ లాగి తాళం వేసేవారు. అంతే, ఇంటికి.

ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, అది అయిపోయేది. మనం చాలించుకోవక్కర్లేదు, దానంతట అదే ఆగేది. ఫోన్లో ఒక వీడియో ముగియకముందే తర్వాతిది సిద్ధంగా ఉంటుంది, ఏది చూపిస్తే ఇంకాసేపు కూర్చుంటామో లెక్కగట్టి మరీ ఎంచుతుంది. అరవై ఏళ్ల మనిషే ఆపలేని దాన్ని ఆరేళ్లవాడు ఆపాలంటున్నాం. రెండోది, పక్కన మనుషులుండేవాళ్లు. ఏదైనా భయపెట్టే సీన్ వస్తే పక్కింటి ఆంటీ కళ్లు మూసేది. అర్థం కాకపోతే ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. ఇప్పుడు పిల్లవాడు దుప్పటి కింద ఏం చూశాడో, ఎక్కడ భయపడ్డాడో మనకి తెలిసే దారి లేదు.

అందుకే నేను గంటలు లెక్కపెట్టడం కంటే ముందు అడిగేది ఈ రెండే: అది ఎక్కడ ఆగుతుంది? పక్కన ఎవరున్నారు? హాల్లో పెద్ద టీవీలో అందరూ కలిసి గంటన్నర సినిమా చూస్తే నాకు బెంగ లేదు. గదిలో తలుపేసుకుని ఒంటరిగా అరగంట రీల్స్ చూస్తే ఉంది.

మా చిన్నప్పటి ఫోన్, నెట్ కబుర్లు చెప్తే మా పిల్లలు నమ్మట్లేదు. ఎలా చెప్పాలి?

పీపీ నంబర్ గురించి చెప్పండి, వాళ్లకి భలే నచ్చుతుంది. మనకి ఫోన్ లేకపోతే పక్కింటివాళ్ల నంబర్ ఇచ్చి పక్కన "పీపీ" అని రాసేవాళ్లం. వాళ్లు వచ్చి పిలిస్తే పరిగెత్తేవాళ్లం. ఊరికి మాట్లాడాలంటే ఎస్టీడీ బూత్, అదీ రాత్రి చార్జీ తగ్గాక, క్యూలో నిలబడి, మీటర్ మీద ఎర్ర అంకెలు చూస్తూ.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న మొదలైంది, అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా. సరిగ్గా పక్షం ముందు, జూలై 31న, మొదటి మొబైల్ కాల్. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచాక ఇక్కడ ప్రతి ఇంట్లోనూ "కంప్యూటర్ నేర్చుకో" అనే మాటే. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోర్సుల బోర్డులు, సికింద్రాబాద్ పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్, నెట్ కెఫేలో గంట లెక్కన డబ్బులు. గంట అయ్యేసరికి కెఫే అన్న "తమ్ముడూ, టైమైంది" అనేవాడు. 2016 సెప్టెంబర్లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ మాట అనేవాళ్లు లేకుండా పోయారు.

ఈ కాలం పిల్లలు పుట్టుకతోనే టెక్నాలజీ తెలిసినవాళ్లు అంటారు. అవునా?

"డిజిటల్ నేటివ్స్" అనే మాట 2001లో మార్క్ ప్రెన్‌స్కీ అనే అమెరికా రచయిత వాడుకలోకి తెచ్చాడు. వినడానికి బాగుంటుంది కానీ నా ల్యాబ్‌లో అది నిలబడదు. ఆరో తరగతి పిల్లలు వీడియో ఎడిట్ చేస్తారు, నిజమే. అదే పిల్లలు "ఫైల్ ఎక్కడ సేవ్ చేశావు?" అంటే బిక్కమొహం వేస్తారు. ఫోల్డర్ అంటే తెలియదు, రెండు చేతులతో టైప్ చేయడం రాదు, వాట్సాప్‌లో వచ్చిన వార్త అబద్ధమేమో అన్న అనుమానం అసలే రాదు. పల్లెల్లో పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వే 2024లో చెప్పిందీ దీనికి దగ్గరే. 14–16 ఏళ్ల వాళ్లలో 82 శాతం మంది స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నారు. వాళ్లలో అంతకుముందు వారం చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్లు 76 శాతం. వేలు తిరగడం వేరు, విషయం తెలియడం వేరు.

జెన్ జీ, ఆల్ఫా అంటున్నారు. మా పిల్లలు ఎందులోకి వస్తారు?

ఎక్కువమంది వాడే లెక్క ప్రకారం 1981–96 మధ్య పుట్టినవాళ్లు మిలీనియల్స్, 1997–2012 జెన్ జీ, ఆ తర్వాత ఆల్ఫా. ఇది అమెరికా లెక్క. మన దగ్గర ఒకే సంవత్సరం పుట్టిన సిటీలోని కొండాపూర్ పిల్లకీ, పల్లె వైపు కొడంగల్ పిల్లకీ ఫోన్ ఒకే వయసులో చేతికి రాలేదు. పేర్ల గురించి బుర్ర పాడుచేసుకోకండి.

## అన్నం ముద్దల వయసు: ఐదేళ్ల లోపు

ఫోన్ చూపించకపోతే మా పాప ముద్ద మింగదు. ఏం చేయాలి?

ముందు, తప్పు చేశానని కుమిలిపోకండి. ఆఫీస్ క్యాబ్ కింద హారన్ కొడుతుంటే ఫోన్ ఇవ్వని తల్లి ఈ ఊళ్లో తక్కువ.

చందమామను చూపించి తినిపించిన రోజుల్లోనూ పిల్లల దృష్టి మళ్లించే పెట్టారు కదా అని ఒకావిడ అడిగారు. మంచి ప్రశ్నే. అయితే చందమామ కదలదు, ముద్ద ముద్దకీ అమ్మ మాట్లాడాలి. ఫోన్ వచ్చాక అమ్మ మాటతో పని లేదు. పాపకి కడుపు నిండిందో లేదో కూడా తెలియకుండా నోరు తెరుస్తుంది.

మానిపించడానికి మా ఇంట్లో పది రోజులు పట్టింది. మొదటి మూడు రోజులు నరకం. మావాడు సరిగ్గా తినలేదు, మా అత్తయ్య నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒక పూటతో మొదలుపెట్టండి, రాత్రి పూట మేలు, హడావిడి ఉండదు. పాపని మీతో పాటే కూర్చోబెట్టి, తన కంచంలో తనకి కొంచెం పప్పన్నం పెట్టి, కలుపుకోనివ్వండి. ఇల్లంతా మెతుకులవుతాయి. ఆకలేస్తే తింటుంది. బరువు తగ్గుతున్నట్టు అనిపిస్తే మాత్రం పిల్లల డాక్టర్‌కి చూపించండి.

రెండేళ్ల లోపు అసలు చూపించకూడదా? అమెరికాలో ఉన్న మా అక్కతో వీడియో కాల్ కూడానా?

వీడియో కాల్ పర్వాలేదు. అక్కడ మనిషి ఉంది, పాప నవ్వితే తిరిగి నవ్వుతుంది. భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెప్పేది ఇది: రెండేళ్ల లోపు అప్పుడప్పుడు బంధువులతో వీడియో కాల్ తప్ప ఏ స్క్రీన్ వద్దు. రెండు నుంచి ఐదేళ్ల లోపు రోజుకి గంట మించకుండా, పెద్దవాళ్లు పక్కన ఉండి. ఐదు నుంచి పదేళ్ల వరకు రెండు గంటల కంటే తక్కువ. ఐదేళ్ల లోపు వాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ ఇంచుమించు ఇదే. గంట లోపల ఎంత తగ్గితే అంత మంచిదని కూడా అన్నారు, దాన్ని మనం చప్పున మర్చిపోతాం.

రైమ్స్ చూసి రంగుల పేర్లు ఇంగ్లిష్‌లో చెప్తున్నాడు కానీ "అమ్మా, నీళ్లు" అనడం రావట్లేదు. ఫోన్ వల్లేనా?

కావచ్చు, కాకపోవచ్చు. అందుకే ముందు చెవుల పరీక్ష చేయించండి. రెండేళ్లు నిండేసరికి రెండు మాటలు కలిపి అనకపోతే, పిలిస్తే పలకకపోతే, "వాళ్ల నాన్నకి కూడా మాటలు లేటే" అని ఎవరన్నా వినిపించుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తొందరగా వెళ్తే నష్టం లేదు.

ఇంట్లో చేయగలిగింది కూడా ఉంది. పిల్లలకి మాట వచ్చేది మనం ఒకటంటే వాళ్లొకటి అనడంలో. వీడియో తనే అడిగి తనే జవాబు చెప్పేస్తుంది. కూరగాయల బండి దగ్గరికి ఎత్తుకెళ్లి "ఇదేంటి? వంకాయా? ఎంతంట?" అంటూ మాట్లాడండి. మీ ఇంట్లో ఏ భాష ఉంటే అది. తెలుగైనా, ఉర్దూ అయినా, రెండూ కలిసినా నష్టం లేదు.

నేను వద్దంటాను, నానమ్మ ఇచ్చేస్తుంది. ఎలా చెప్పాలి?

డెబ్బై ఏళ్ల ఆవిడ మోకాళ్ల నొప్పులతో రెండేళ్లవాడి వెనక మూడో అంతస్తులో రోజంతా పరిగెత్తలేదు. ముందు అది ఒప్పుకోండి. మా అత్తయ్యకి నేను నీతులు చెప్పినన్నాళ్లూ ఏమీ మారలేదు. మధ్యాహ్నం రెండు గంటలసేపు పనమ్మాయిని పెట్టి, పాత రేడియో ఒకటి కొనిపెట్టాక మారింది. పాటలు వింటూ మనవడితో బీరకాయ పొట్టు తీయిస్తుంది ఇప్పుడు.

## బడి వయసు: ఆరు నుంచి పన్నెండు

రెండో తరగతికే కళ్లద్దాలు వచ్చాయి. ఫోన్ చేసిన పనేనా?

అమ్మానాన్నలకి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. దగ్గరగా పెట్టుకుని చూసే పని, అది పుస్తకమైనా సరే, ఒక కారణం. మనం పట్టించుకోనిది ఇంకొకటుంది, ఎండ. పగటి వెలుతురులో ఎక్కువసేపు ఆడే పిల్లలకి దగ్గరచూపు రావడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. తైవాన్ 2010 నుంచి బడిపిల్లల్ని రోజుకి 120 నిమిషాలు బయట ఉంచే కార్యక్రమం నడిపింది.

మన బాధ ఏమిటంటే, పంపడానికి చోటేది? మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలు సెల్లార్లో కార్ల మధ్య క్రికెట్ ఆడతారు, బంతి తగిలితే అసోసియేషన్ వాళ్లు కేకలేస్తారు. తర్వాత అవే ఇళ్లలో "ఎప్పుడూ ఫోనే" అని తిడతారు. మేం నాలుగు ఇళ్లవాళ్లం వంతులేసుకుని సాయంత్రం అయిదున్నరకి పిల్లల్ని దగ్గర్లోని పార్కుకి తీసుకెళ్తున్నాం. వారానికి నాలుగు రోజులు కుదిరితే గొప్ప.

హోంవర్క్ వాట్సాప్‌లోనే వస్తోంది. ఫోన్ ఇవ్వకుండా ఎలా?

ఈ అలవాటు కరోనాతో వచ్చింది. 2020 మార్చిలో బడులు మూసేశారు. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల పిల్లలకి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేట్ బడులు ఫోన్లలో పెట్టాయి. బడులు తెరిచారు కానీ గ్రూపులు మూయలేదు. టీచర్‌గా నాదీ ఇందులో తప్పుంది, రాత్రి తొమ్మిదికి వర్క్‌షీట్ పంపినదాన్నే.

మీరు చూసి, మీరే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, లేదా కింద జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించండి. ఫోన్ పిల్లాడి చేతికి వెళ్లక్కర్లేదు. పేరెంట్స్ మీటింగ్‌లో డైరీలో రాయించమని అడగండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. మా బడిలో పదిహేను మంది కలిసి అడిగారు, అయిదో తరగతి దాకా డైరీ మళ్లీ వచ్చింది.

టైమైపోయింది అంటే ఫోన్ విసిరికొడుతున్నాడు. భయమేస్తోంది.

ఆట మధ్యలో లాక్కుంటే ఎవరికైనా కోపమొస్తుంది. నిమిషాల్లో కాకుండా పనిలో చెప్పండి: "ఈ మ్యాచ్ అయ్యాక", "ఒక ఎపిసోడ్". ఆటోప్లే ఆపేయండి, సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఆపిన వెంటనే చేయడానికి ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి, స్నానం, మిర్చిబజ్జీ, కింద స్నేహితుడు, ఏదైనా సరే. ఊరికే "చాలించు" అంటే వాడు ఖాళీలోకి రావాలి, అక్కడే ఏడుపు. ఒకసారి ఏడిస్తే ఇచ్చి, ఇంకోసారి కొట్టి లాక్కుంటే మాత్రం రోజూ ఏడ్చి చూస్తాడు.

ఎన్నో ఏట సొంత ఫోన్ కొనివ్వాలి?

నన్నడిగితే పదో తరగతి అయ్యాక. ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు. ట్యూషన్‌కి ఒంటరిగా బస్సులో, మెట్రోలో వెళ్తుంటే మామూలు బటన్ ఫోన్ చాలు. మా అమ్మాయికి అదే కొన్నాం. స్నేహితులు నవ్వారని రెండు రోజులు అలిగింది, మూడో రోజు వాళ్లే దాంట్లో పాము ఆట ఆడుకున్నారట.

కోడింగ్ క్లాసుకి వేలు కట్టమంటున్నారు. కట్టాలా?

అక్కర్లేదు. పిల్లల కోడింగ్ ప్రోగ్రామ్ స్క్రాచ్ ఉచితం, బ్లాక్‌లు పేర్చి ఆట తయారుచేయడం ఆదివారం మీరూ కలిసి నేర్చుకోవచ్చు. లెక్కల్లో పదాల ప్రశ్న చదివి అర్థం చేసుకోలేని పిల్లకి కోడింగ్ క్లాసు ఏం చేస్తుంది?

## మీసాలొచ్చే వయసు: పదమూడు దాటాక

మా అమ్మాయి చెప్పకుండా ఇన్‌స్టాగ్రామ్ తెరిచింది. వయసు కూడా తప్పు పెట్టింది.

ఆ పదమూడేళ్ల హద్దు పిల్లల మనసు కొలిచి పెట్టింది కాదు. పదమూడు లోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని 1998లో అమెరికా చట్టం చేసింది, కంపెనీలు దాన్నే ప్రపంచమంతా పెట్టుకున్నాయి. మన దేశంలో 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిది లోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి పదహారు లోపు వాళ్లకి సోషల్ మీడియా అకౌంట్లు వద్దంది.

ఇక మీ అమ్మాయి సంగతి. ఆ రోజే ఫోన్ పగలగొడితే రేపు స్నేహితురాలి ఫోన్లో తెరుస్తుంది, ఈసారి మీకు తెలియదు. పక్కన కూర్చుని అకౌంట్ ప్రైవేట్ చేయించండి. పేరులో స్కూల్, ఫోటోలో యూనిఫాం, ఇంటి గేటు లేకుండా చూడండి. తెలియని ఫాలోవర్లని ఇద్దరూ కలిసి తీసేయండి. పదమూడు నిండకపోతే మూయించండి, కారణం చెప్పి.

ఎవరో ఫోటో మార్ఫ్ చేసి డబ్బులు అడుగుతున్నారు. పిల్ల వణికిపోతోంది.

ముందు ఆమెని దగ్గరికి తీసుకోండి. "ఎందుకు పెట్టావు ఫోటో?" అనే ప్రశ్న ఇవాళ వద్దు. డబ్బు పంపకండి, పంపితే మళ్లీ అడుగుతారు. చాట్ డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి, అవతలి అకౌంట్ లింక్ రాసుకోండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. మన దగ్గర ఆడపిల్లల రక్షణకి పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి ఉన్నాయి. పరువు పోతుందని చాలామంది ఇళ్లలో దాస్తారు. బెదిరించేవాడికి కావలసిందీ అదే.

వాళ్ల నాన్న అకౌంట్ నుంచి గేమ్‌లో పదకొండు వేలు ఖర్చుపెట్టాడు. తిరిగొస్తాయా?

గేమ్‌లో వస్తువులు కొన్నదయితే యాప్ స్టోర్‌కి వెంటనే రీఫండ్ అడగండి, కొన్నిసార్లు ఇస్తారు. ఎవరైనా మోసం చేసి లాగితే గంటల్లోనే 1930కి చెప్పాలి, ఆలస్యమైతే కష్టం. పందెం ఆట అయితే అది అసలే చట్టవిరుద్ధం. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది, 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధించింది. ఇంకో మాట, యూపీఐ పిన్ పిల్లాడికి ఎలా తెలిసింది? పాలు తెమ్మని మనమే చెప్పి ఉంటాం.

ఇంటర్ హాస్టల్లో ఫోన్ ఉండదు. సెలవులకి ఇంటికొస్తే రాత్రంతా అదే. ఏం చేయను?

ఏడు వారాలు పొద్దున్న అయిదింటికి లేపి స్టడీ అవర్లలో కూర్చోబెట్టిన పిల్లాడు వాడు. ఆకలిగా ఉన్నవాడి ముందు పళ్లెం పెట్టినట్టే. మొదటి రెండు రోజులు వదిలేయండి, నిద్రపోనివ్వండి. మూడో రోజు నుంచి రాత్రి పదకొండుకి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో చార్జింగ్‌కి. రెండేళ్లు అసలు ఇవ్వకుండా ఉంచి, ఇంజనీరింగ్‌లో చేరగానే అన్నీ ఒకేసారి చేతికిస్తున్నాం. ఎప్పుడు ఆపాలో నేర్చుకునే వీలు వాడికి మధ్యలో ఎక్కడా దొరకలేదు. నాకు ఈ పద్ధతి మొదటినుంచీ నచ్చదు.

వ్యసనం అని ఎప్పుడు అనుకోవాలి?

ఎక్కువసేపు ఆడినంత మాత్రాన కాదు. ఆపలేకపోవడం, మిగతా పనులన్నీ వెనక్కిపోవడం, నష్టం కనిపిస్తున్నా మానకపోవడం, మామూలుగా ఇది ఏడాది పాటు సాగడం. గేమింగ్ డిజార్డర్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గుర్తులు ఇవి. నిద్ర, తిండి, బడి మూడూ దెబ్బతింటే ఏడాది ఆగక్కర్లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

చాట్‌జీపీటీతో ప్రాజెక్టులు రాసేస్తోంది. కాపీ కొట్టినట్టేనా?

2022 నవంబర్ చివర్లో అది వచ్చింది, మరుసటి ఏడాదికల్లా నా దగ్గర ముప్ఫై ప్రాజెక్టులు ఒకే గొంతుతో వచ్చాయి. గోల్కొండ కోట గురించి రాసిన పిల్లని "ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే ఏమవుతుంది?" అని అడిగాను. కోటకి అయిదు కిలోమీటర్ల దూరంలో ఉండే పిల్ల, నోరు మెదపలేదు. రాసింది నోటితో చెప్పమనండి. చెప్పగలిగితే సాయం తీసుకుంది, చెప్పలేకపోతే కాపీ.

## ఇంట్లో పెద్దవాళ్లు

మా మామగారే రోజంతా యూట్యూబ్ చూస్తారు. పిల్లలకి ఏ మొహంతో చెప్పను?

ఆయనకి మాట్లాడే మనిషి లేరు. సాయంత్రం పిల్లాడికి ఎక్కాలు చెప్పించడమో, చెస్ నేర్పించమనడమో చేయండి. ఇద్దరి ఫోన్లూ గంటసేపు పక్కకి వెళ్తాయి. వాల్యూమ్ సంగతి మాత్రం నా వల్ల కాలేదు.

పాప ఫోటోలు స్టేటస్‌లో పెట్టొచ్చా?

స్నానం చేస్తున్నవి, ఏడుస్తున్నవి, బడి పేరు కనపడేవి వద్దు. ఎనిమిదేళ్లు దాటితే అడిగి పెట్టండి. వద్దంటే మానండి.

"నువ్వు మాత్రం చూడొచ్చా?" అంటోంది మా అమ్మాయి. ఏం చెప్పాలి?

మావాడూ అడిగాడు, నేను ఆఫీసు పనే అన్నాను. "ఆఫీసు పనికి నవ్వుతావా?" అన్నాడు. అప్పటినుంచి ఫోన్ తీస్తే ఎందుకు తీస్తున్నానో పైకే చెప్తున్నాను: కరెంటు బిల్లు, పిన్నికి మెసేజ్, ఊరికే. "ఊరికే" అని పైకి చెప్పడం మహా కష్టం. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకు అందరి ఫోన్లూ ఫ్రిజ్ మీద పెడుతున్నాం. మొదటి వారం నీళ్లు తాగే వంకతో నేను వంటగదిలోకి ఎన్నిసార్లు వెళ్లానో వాడు లెక్కపెట్టి, క్యాలెండర్ మీద గీతలు గీశాడు. సోమవారం తొమ్మిది.